గేటు దాకా అక్క

ఆమెకు పుట్టినప్పుడు ఒక పేరు పెట్టారు గానీ, ఆ పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. తమ్ముడు పుట్టాక వాడికి మాటలు నేర్పాలని తల్లి "అక్క... అక్క" అని వేలితో చూపించి చూపించి, చివరికి తనే అలా పిలవడం మొదలుపెట్టింది. తండ్రికీ అదే అలవాటైంది. "అక్కా, మంచినీళ్ళు తే," అని కన్నతండ్రి కూతుర్ని పిలుస్తుంటే, కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన ముఖం చూసి, పిల్ల ముఖం చూసి, ఏం అడగాలో తెలియక ఊరుకునేవాళ్ళు. మనమూ ఆమెను అక్క అనే అందాం.

తండ్రి బస్సు డిపోలో మెకానిక్కు. తల్లి ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని, వదులైన బట్టలు బిగించి, బిగుతైనవి వదులు చేసి ఇచ్చేది. అక్క చిన్నప్పుడు మాటల పుట్ట. తండ్రి డిపో నుంచి రాగానే ఆ రోజు వీధిలో జరిగినవన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. ఎవరి కుక్క ఎవర్ని తరిమిందో, ఎదురింటావిడ ఎవరితో గొడవ పెట్టుకుందో, ఆవిడ గొంతుతో సహా చేసి చూపించేది. తండ్రి చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వేవాడు.

చిక్కంతా బడిలో మొదలైంది. అక్షరాలు ఆమె దగ్గర నిలిచేవి కావు. ఇవాళ గుర్తుపట్టిన అక్షరం రేపటికి ముక్కూమొహం తెలియని మనిషైపోయేది. ఒకేలా ఉండే రెండు అక్షరాలుంటే ఒకదాని చోట ఒకటి వచ్చి కూర్చునేవి. నోటితో అడిగితే లెక్కలు టకటకా చెప్పేది. అదే లెక్క పుస్తకంలో చూసి చెయ్యమంటే చూస్తూ కూర్చునేది. టీచర్లు ముందు బద్ధకం అన్నారు, తర్వాత అశ్రద్ధ అన్నారు, ఆఖరికి ఏమీ అనడం మానేశారు.

చూపు ఆనడం లేదేమోనని తండ్రి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు లైటు వేసి చూసి, "కళ్ళు భేషుగ్గా ఉన్నాయి," అన్నాడు. తిరిగి వస్తూ దారిలో తండ్రి, "కళ్ళు బాగున్నాయట. ఇక చెడిపోవడానికి మిగిలిన సామాను తలకాయ ఒక్కటే," అని నవ్వాడు. మెకానిక్కు కదా, ఆయనకు అది మామూలు హాస్యం. అక్క కూడా నవ్వింది.

తమ్ముడు చదువులో చురుకు. సాయంత్రం పూట వాడు పాఠం పైకి చదువుకుంటుంటే అక్క పక్కన కూర్చుని వినేది. ఆమె పుస్తకం కూడా వాడిచేతే చదివించుకునేది. రెండుసార్లు వింటే చాలు, పాఠం మొత్తం నోటికి వచ్చేసేది. బడిలో చదవమంటే పుస్తకం ముఖానికెదురుగా పట్టుకుని, వేలు వరసల మీద జరుపుకుంటూ, గడగడా అప్పజెప్పేసేది. కొన్నాళ్ళు అలా గడిచింది. ఒకరోజు గాలికో, చేతి చెమటకో పేజీ తిరిగిపోయింది. ఆమె చూసుకోలేదు. వెనక బెంచీ పిల్ల తొంగి చూసి, "టీచర్, ఈమె ఒక పాఠం తెరిచి ఇంకో పాఠం చదువుతోంది!" అని అరిచింది. తరగతి మొత్తం గొల్లుమంది. టీచరు కూడా నవ్వు ఆపుకోలేక డస్టరుతో మూతి కప్పుకుంది.

ఆ రోజు నుంచి ఆమె పేరు చిలక.

పిల్లలు కొట్టలేదు, తిట్టలేదు. అంత శ్రమ కూడా పడలేదు. మధ్యాహ్నం విరామంలో ఆడపిల్లలు తాడాట ఆడేవాళ్ళు. చిలకకు తాడు తిప్పే పని ఇచ్చారు. "రేపు నీకు గెంతే వంతు," అనేవాళ్ళు. ఆ రేపు రాలేదు. ఒకరోజు ఆమె వెళ్ళేసరికి తాడు ఒక కొసను కిటికీ ఊచకు కట్టేసి ఆడుకుంటున్నారు. ఊచతో ఒక సుఖం, దానికి వంతు ఇవ్వక్కర్లేదు. ఆమె కాసేపు నిలబడి చూసి, కుళాయి దగ్గరికి వెళ్ళి భోజనం డబ్బా కడుక్కుంది. మర్నాడూ అంతే. కడిగిన డబ్బానే మళ్ళీ కడిగేది. ఏదో ఒక పని చేస్తున్న మనిషిని ఒంటరిగా ఉందని ఎవరూ అనుకోరు.

పరీక్షలు తప్పడం, అదే తరగతిలో ఉండిపోవడం ఆమెకు అలవాటైంది. అలా ఉండిపోయి ఉండిపోయి ఏడో తరగతిలో ఉండగా, ఏడాది తిరిగేసరికి తమ్ముడు కూడా అదే గదిలోకి వచ్చాడు.

మొదటి రోజు వాడు గుమ్మంలో నిలబడి, ఆమె కనిపించగానే నవ్వుతూ, "అక్కా!" అన్నాడు. అంతే. "అరే, చిలక తమ్ముడురా!" అన్నాడొకడు. "తమ్ముడేమిటి, చిలకపిల్ల!" అన్నాడు ఇంకొకడు. ఆ వారమంతా వాడికి అదే పేరు. వాడు మగపిల్లల బంతాట దగ్గరికి వెళితే ఎవరో ఒకరు రెక్కలు ఆడించినట్టు చేతులు ఊపేవాళ్ళు.

ఒక పొద్దున ఇద్దరూ బడికి నడుస్తున్నారు. గేటుకు కాస్త ఇవతల, మందుల షాపు అరుగు దగ్గర తమ్ముడు ఆగాడు.

"అక్కా, ఒకటి చెప్తాను. ఏమీ అనుకోవు కదా?"

"ఏంటి?"

"గేటు దాకా కలిసే వద్దాం. లోపలికెళ్ళాక మాత్రం నాతో మాట్లాడకు. నేనూ మాట్లాడను. నువ్వెవరో నేనెవరో అన్నట్టు ఉందాం."

"సరే."

"అమ్మకు చెప్పొద్దు."

"చెప్పను."

వాడు చెప్పుతో నేలమీద గీత గీస్తూ, "కోపమొచ్చిందా?" అన్నాడు.

"లేదు."

నిజంగానే రాలేదు. చాలాసేపు మఠం వేసుకు కూర్చుంటే కాలు మొద్దుబారిపోతుంది చూడండి, గిల్లినా అది మన కాలు కాదన్నట్టు ఉంటుంది. ఆమెకు అలా ఉంది, అంతే. వాడు ముందు వెళ్ళాడు. వాడు గేటు దాటేదాకా ఆగి, ఆమె లోపలికి వెళ్ళింది.

అక్క మాటిస్తే మాటే. తరగతిలో వాడి వైపు చూపు కూడా తిప్పేది కాదు. వాడు పెన్సిలు ఇంట్లో మరిచిపోతే, తన దగ్గర రెండున్నా ఇచ్చేది కాదు. వాడికి నెమ్మదిగా స్నేహితులు కుదిరారు. బంతాటలో చేర్చుకున్నారు. చిలకపిల్ల అన్న పేరు పోయి, ఏదో మంచి పేరు వచ్చింది. ఇంటికొచ్చాక వాడు మామూలుగానే, "అక్కా, లెక్కలు నోటితో చెప్పు," అని వచ్చేవాడు. ఆమె చెప్పేది. కానీ వీధి కబుర్లు చెప్పడం మానేసింది. తండ్రి కొన్నాళ్ళు, "ఏమ్మా, ఈ మధ్య వీధిలో కుక్కలన్నీ బుద్ధిగా ఉంటున్నాయా?" అని అడిగి, తర్వాత అడగడం మానేశాడు.

ఒకరోజు ఆటస్థలంలో తమ్ముడు బంతి వెనక పరిగెత్తి సిమెంటు గట్టు మీద పడ్డాడు. గడ్డం చీలి చొక్కా అంతా రక్తం. పిల్లలు గుమిగూడారు. ఆటల మాస్టారు కొత్తగా వచ్చినాయన. వాణ్ణి లేపి కూర్చోబెట్టి, "వీళ్ళవాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ?" అన్నాడు.

"చిలక ఉంది కదా సార్, వాళ్ళక్క," అందొక అమ్మాయి. అందరూ కుళాయి వైపు చూశారు. మాస్టారు పిలిస్తే అక్క వచ్చి నిలబడింది, తడి డబ్బా చేత్తో పట్టుకునే.

"నువ్వు వీడి అక్కవా?"

ఆమె తమ్ముడి వైపు చూసింది. వాడు రుమాలు గడ్డానికి అదుముకుని నేల వైపు చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"కాదు సార్," అంది.

మాస్టారుకు ఆరా తీసే తీరిక లేదు. వాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. పిల్లలు మాత్రం నోళ్ళు తెరుచుకుని ఆమెను చూశారు. "సొంత తమ్ముణ్ణి కాదంది! చదువే రాదనుకున్నాం, దీనికి పిచ్చి కూడా ఉంది," అన్నారు. అప్పటిదాకా ఆమె పక్కన కూర్చునే అమ్మాయి ఒకతె ఉండేది. మర్నాడు ఆ పిల్ల సంచీ తీసుకుని వెనక బెంచీకి మారిపోయింది.

ఇంట్లో తల్లికి ఎవరో చెప్పారు. "నువ్వక్కడే ఉన్నావటగా? తోడబుట్టినవాడు రక్తం కారుతుంటే కాదంటావా? నా కడుపున రాయి పుట్టిందే!" అని నెత్తి కొట్టుకుంది. అక్క గోడకానుకుని నిలబడింది. తమ్ముడు గడ్డానికి కుట్లతో మంచం మీద పడుకుని ఉన్నాడు. మెలకువగానే ఉన్నాడు. వాడూ ఏమీ అనలేదు.

తల్లి చాన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. అసలు సంగతేమిటంటే, ఆ మౌనం అక్కకు పెద్దగా తేడా అనిపించలేదు. బడిలో ఒక గది, ఇంట్లో ఒక గది. రెండుచోట్లా ఒకటే నిశ్శబ్దం. ఆ ఏడాది చివర ఆమె బడి మానేసింది. ఎవరూ మాన్పించలేదు, ఎవరూ వెళ్ళమనలేదు. ఒక సోమవారం ఆమె తయారు కాలేదు, అంతే.

కొన్నేళ్ళు తల్లి దగ్గర గుండీలు కుట్టింది. తర్వాత తండ్రి ఎవరినో అడిగితే పెద్దాసుపత్రి లాండ్రీలో పని దొరికింది. పెళ్ళి సంబంధాలు ఒకటి రెండు వచ్చాయి. ఆమె సరేననలేదు, వద్దనలేదు. అవే విసుగొచ్చి వెళ్ళిపోయాయి.

లాండ్రీ ఆసుపత్రి వెనక, నేలమట్టానికి కింద పెద్ద గది. ఒక పక్క ఉతికే మిషన్లు, ఒక పక్క దుప్పట్లను నొక్కి ఆరబెట్టే వేడి రోలర్లు. రోలరులోంచి బయటికొచ్చిన దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టుకుని మడవాలి. అక్కకు ఎదురుగా పడినామె బాగా పొడుగు, వయసులో పెద్ద. అందరూ పొడుగామె అనే పిలిచేవాళ్ళు. ఆమెకు నోరు ఊరుకోదు. కోడలి సంగతి, మోకాళ్ళ సంగతి, సూపర్‌వైజరు బట్టతల సంగతి దుప్పటి తర్వాత దుప్పటిగా చెబుతూనే ఉండేది. అక్క, "ఊ" అనేది. మధ్యాహ్నం అందరూ క్యాంటీనుకు వెళితే అక్క మెట్ల కింద కూర్చుని తినేది. "రావే," అని పొడుగామె కొన్నాళ్ళు పిలిచి, "పోనీలే, మహారాణీగారు," అని వదిలేసింది.

ఏ దుప్పటి ఏ వార్డుదో తెలియడానికి మూలన రంగుదారంతో కుట్టు ఉండేది. ఎరుపు కాన్పుల వార్డు, నీలం పిల్లల వార్డు. అక్కకు ఇబ్బంది లేకపోయింది. కొన్నేళ్ళకు పైవాళ్ళకు కొత్త ఆలోచన వచ్చి, దారాలు తీసేసి వార్డు పేరు అచ్చు వేసిన పట్టీలు కుట్టించారు. ఆ రోజు నుంచి పొడుగామె ఏ దొంతిలో పెడుతుందో చూసి, అక్క కూడా అందులోనే పెట్టడం మొదలుపెట్టింది. పొడుగామెది డేగ కన్ను. రెండో రోజే పట్టేసింది.

"నీకు చదవడం రాదా?" అంది, గొంతు తగ్గించి.

"రాదు."

పొడుగామె దుప్పటి కొస వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "అదా సంగతి! క్యాంటీన్లో గోడమీద రాసింది చూసి ఏం కావాలో చెప్పాలి కాబట్టి రావట్లేదా? ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇన్నేళ్ళూ నీకు పొగరనుకున్నానే!"

"పొగరు కాదు," అంది అక్క.

పొడుగామె ఆ సాయంత్రమే నర్సు దగ్గర రంగు పెన్నులు అడిగి తెచ్చి, పట్టీల పక్కన చుక్కలు పెట్టేసింది. సూపర్‌వైజరు అడిగితే, "నా కళ్ళు మసకబారాయి బాబూ, నా సౌకర్యం కోసం," అంది. మర్నాటి నుంచి క్యాంటీనులో ఏమేం ఉన్నాయో పైకి చదివేది, తనకోసమే అన్నట్టు. అక్క ఆమె పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది. మాటలు మాత్రం పెరగలేదు.

ఇంతలో తమ్ముడు ఎక్స్‌రే తీసే చదువు చదివి, పెళ్ళి చేసుకుని, వేరే కాపురం పెట్టి, తిరిగి తిరిగి అదే ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాడు. ఆదివారాలు తల్లిని చూడటానికి వచ్చినప్పుడు అక్కతో మామూలుగానే మాట్లాడేవాడు. ఆసుపత్రిలో మాత్రం అక్క బట్టల బండి తోసుకుంటూ ఎక్స్‌రే గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు, వాడు ఎదురైనా గోడ పక్క నుంచి వెళ్ళినట్టే వెళ్ళేది. వాడు మొదట్లో గమనించలేదు. గమనించాక, పని తొందరేమో అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం నడవాలో వాడు తన తోటివాళ్ళతో నిలబడి ఉన్నాడు. తల్లికి మందులు మారాయని చెప్పాలి. "అక్కా!" అని పిలిచాడు. బండి ఆగలేదు. "అక్కా!" అని గట్టిగా అరిచి, పరిగెత్తి బండికి అడ్డం నిలబడ్డాడు.

"పిలుస్తుంటే వినపడలేదా?"

"వినపడింది."

"మరి?"

"లోపల మాట్లాడొద్దన్నావుగా."

"ఎవరు, నేనా? ఎప్పుడన్నాను?"

"ఏడో తరగతిలో. మందుల షాపు దగ్గర."

వాడు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. ఆమె దెప్పడం లేదు. దుప్పట్లు ఎన్నో అంతస్తుకని అడిగితే చెప్పినట్టు చెప్పింది. వాడి చెయ్యి దానంతటదే గడ్డం మీదికి వెళ్ళింది. అక్కడ కుట్ల మచ్చ ఉంది.

"అది బడి కదా అక్కా... ఎప్పుడో చిన్నప్పుడన్న మాట. ఇన్నాళ్ళూ పట్టుకు కూర్చున్నావా?"

"ఇక చాలని నువ్వు చెప్పలేదు."

"ఇప్పుడు చెప్తున్నాను. మాట్లాడు."

ఆమె కాసేపు ఆలోచించింది. "ఏం మాట్లాడాలి?" అంది.

తల్లి మందుల సంగతే వాడు మరిచిపోయాడు. అవతలి నుంచి స్ట్రెచరు వస్తోంది. "బండి అడ్డంగా ఉంది, జరుగు," అని ఆమె తోసుకుంటూ వెళ్ళిపోయింది. తోటివాళ్ళు, "ఎవరు?" అని అడిగితే, "మా అక్క," అన్నాడు.

ఆ ఆదివారం వాడు తల్లికి అంతా చెప్పేశాడు. తల్లి అప్పుడు కుట్టుమిషను దగ్గర ఉంది. చక్రం ఆపేసింది. సూది గుడ్డలోనే ఉంది.

"నాకప్పుడే చెప్పొచ్చు కదే," అంది అక్కతో.

"చెప్పనని మాటిచ్చాను."

"రాయి పుట్టిందన్నాను నిన్ను."

"అవును," అంది అక్క.

తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. తమ్ముడు గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. అక్క తల్లి పక్కన కూర్చుంది. తనకూ ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. పాలు పొంగుతున్న వాసన వస్తే లేచి వెళ్ళి దించింది.

తర్వాత తమ్ముడు వీలైనప్పుడల్లా టీ పట్టుకుని లాండ్రీకి దిగి రావడం మొదలుపెట్టాడు. దుప్పట్ల మూట మీద కూర్చునేవాడు. మాటలన్నీ పొడుగామే మాట్లాడేది. వాడు నవ్వేవాడు. అక్క గ్లాసు ఖాళీ చేసి ఇచ్చేది. ఒక్కోరోజు, "అమ్మ మోకాలు ఎలా ఉంది?" అని వాడడిగితే ఒక ముక్క జవాబు చెప్పేది. ఒక్కోరోజు అదీ లేదు. వాడు మాత్రం రావడం మానలేదు.

పొడుగామెకు రెండో తరగతి చదివే మనవరాలుంది. ఒకరోజు పొడుగామె దుప్పటి సగం మడిచి ఆగిపోయింది. "మా పిల్లకూ నీలాగేనట. అక్షరాలు తారుమారవుతాయట. పిల్లల డాక్టరు పరీక్ష చేసి, తెలివికి లోటు లేదు, నేర్పే పద్ధతి వేరే ఉంది అన్నాడు. మా కోడలు ఒకటే ఏడుపు. నువ్వొకసారి మాట్లాడవే."

"నాకేం తెలుసు?"

"తెలియకపోతే తెలియదనే చెప్దువు గాని."

మర్నాడు కోడలు పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల గోడ దగ్గర నిలబడి తిరుగుతున్న మిషను అద్దంలోకి చూస్తోంది. కోడలు ప్రత్యేక తరగతులు, కొత్త పుస్తకాలు, టీచరు ఏమంది, డాక్టరు ఏమన్నాడు, అన్నీ గబగబా చెప్పి, "నేనింకా ఏం చెయ్యాలండీ?" అంది.

అక్క గోడ దగ్గరున్న పిల్ల వైపు చూసింది. తర్వాత, "చదువు సంగతి డాక్టరుకు తెలుసు. బడిలో పక్కన ఎవరు కూర్చుంటారో అడిగారా?" అంది.

కోడలు తెల్లబోయింది. అడగలేదు. పిల్ల వైపు తిరిగి, "నీ పక్కన ఎవరమ్మా కూర్చునేది?" అంది.

"ఎవరూ కూర్చోరు," అంది పిల్ల, మిషను వైపే చూస్తూ.

అక్క వెళ్ళి పిల్ల పక్కన నేల మీద కూర్చుంది. మిషను అద్దంలో తెల్లదుప్పట్లు కలిసి పైకి లేస్తున్నాయి, కింద పడుతున్నాయి.

"నీకు ఎవరి పక్కన కూర్చోవాలనుంది?" అంది అక్క.

పిల్ల ఆలోచించింది. "రెండు క్లిప్పులు పెట్టుకునే అమ్మాయి ఉంది. ఆమె పక్కన."

"ఆ అమ్మాయి బాగా మాట్లాడుతుందా?"

"బాగా మాట్లాడుతుంది. నాతో కాదు."

కోడలు మర్నాడే బడికి వెళ్ళి టీచరుతో మాట్లాడింది. మొదట టీచరు, బెంచీలు మార్చడం కుదరదంది. కోడలు అత్తగారికి తగ్గ కోడలే, కుదిరేదాకా కదల్లేదు. ఆ తర్వాత ఏం జరిగిందో పొడుగామె పనిలోకి వస్తూనే, చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది. క్లిప్పుల పిల్ల మొదటిరోజు మొహం ముడుచుకుందట. రెండోరోజు సంచీ మధ్యలో అడ్డం పెట్టిందట. నిన్న మాత్రం సంచీ తీసేసి, తన రబ్బరు వాడుకోమందట. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తిన్నారట. రేపేమవుతుందో తెలియదు గానీ నిన్నటికైతే ఇదీ సంగతి.

అక్క దుప్పటి కొసలు కలిపి పట్టుకుని, "ఊ," అంది.

"ఊ ఏమిటే ఊ! ఇంత చెబితే బాగుందనో బాగాలేదనో ఒక్క ముక్క రాదా నీ నోట్లోంచి?"

అక్క ఆ దుప్పటి మడిచి దొంతి మీద పెట్టింది. తర్వాతి దుప్పటి తీసుకోలేదు.

"ఇంకోసారి చెప్పు," అంది.

పొడుగామె చెప్పులు విప్పి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది.